అమెరికా అర్జీకి గద్వాల స్టాంపు

గద్వాల ఆర్డీవో ఆఫీసు గేటు పక్కన, రేకుల కింద, నా టైపు మిషను ఇరవై ఏళ్లు ఒకే చోట ఉంది. ఆఫీసర్లు మారారు, ఆఫీసు గోడల రంగు మారింది, నేను మాత్రం అక్కడినుంచి లేవలేదు. ఆ వరుసలో అర్జీలు రాసే మగవాళ్లు నలుగురు ఉండేవారు. వాళ్ల మధ్యలో ఒక ముస్లిం ఆడమనిషి కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదట్లో వాళ్లకు మింగుడు పడలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్ల ముందు నిలబడే జనం నా ముందు నిలబడ్డారు. గొప్పలు చెప్పుకోవడం లేదు. గొప్పే కాబట్టి చెబుతున్నాను.

పని నేర్పింది మా అబ్బా. ఆయనా అదే రేకుల కింద, చేత్తో, ఉర్దూలోనూ తెలుగులోనూ అర్జీలు రాశాడు. నేను టైపు పరీక్షలు పాసై ఆయన పక్కన కూర్చున్న మొదటి వారంలోనే నా అర్జీ ఒకటి చదివి చింపేశాడు. అది ఒక ముసలామె పింఛను అర్జీ. ఆమె కష్టమంతా రాసి, రాస్తూ నేనే ఏడ్చాను.

"కన్నీళ్లు రాయొద్దు బేటీ," అన్నాడు. "ఆఫీసరు బల్ల మీదికి దినాం గవే వస్తయి. నీకేం తక్కువైందో కాదు, చదివేటోనికి ఏం కావాల్నో అది రాయి."

ఆయన రెండో మాట స్టాంపు గురించి. కాగితం పైన కుడి మూలన రెండు రూపాయల కోర్టు ఫీజు స్టాంపు లేకపోతే ఏ ఆఫీసులోనూ అర్జీ తీసుకునేవారు కాదు. అబ్బాకు అది ఆఫీసు నియమం మాత్రమే కాదు. "స్టాంపు లేకుండ అడిగితే బిచ్చం. స్టాంపు పెట్టి అడిగితే అర్జీ," అనేవాడు. అందుకే టైపు ఆగగానే నా చేయి దానంతట అదే డబ్బాలోకి పోయేది, స్టాంపు తడిచేసి మూలన అంటించేది, కాగితాన్ని నిలువుగా మడిచేది. ఇందులో నా బుర్రకు పని ఉండేది కాదు. ఈ చేతి అలవాటే తర్వాత నా పరువు తీయబోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక నర్సు నా దగ్గరికి వచ్చింది. గద్వాలలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పని చేసేది. వడ్డేపల్లి అమ్మాయి, క్రైస్తవుల ఇంటి బిడ్డ. తాతల నాటినుంచి వాళ్లది కూలి పని. ఆ ఇంట్లో తెల్ల గౌను తొడుక్కున్న మొదటి మనిషి ఆమె. అందరిలాగే నేనూ ఆమెను సిస్టరు అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. అనుభవం సర్టిఫికెట్టు టైపు చేయించుకోవడానికి వచ్చింది. ఎందుకని అడిగితే, విదేశాల్లో పని చేసే నర్సులకు పెట్టే పరీక్ష రాస్తానంది. గద్వాలలో రైలెక్కి బెంగళూరు పోయి రాసింది. మొదటిసారి తప్పింది. రెండోసారి పాసై, రైలు దిగి ఇంటికి పోకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

ఆ తర్వాత అమెరికాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి ఆమెను ఫోన్లో ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చింది. వీసాకు అర్జీ కూడా ఆ ఆసుపత్రే పెట్టింది. ఇక పోవడమే అనుకున్నాం. అక్కడే వరుస అడ్డం వచ్చింది.

ఆ వరుస సంగతి నాకు అర్థం కావడానికి నెల పట్టింది. ఉద్యోగం మీద వచ్చేవాళ్లకు ఆ దేశం ఏడాదికి ఇన్ని వీసాలని లెక్క పెట్టుకుంది. అందులో ఒక్కో దేశానికి ఇంతకు మించి ఇవ్వరు. మన దేశం నుంచి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి మన వరుస పొడుగు. ఎవరి అర్జీ ఏ రోజు చేరిందో ఆ తారీఖే వాళ్ల వంతు. నెలకోసారి ఇంటర్నెట్‌లో ఒక తారీఖు పెడతారు. అది మన తారీఖును దాటితే పిలుపు వచ్చినట్టు. సిస్టరు ప్రతి నెలా పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ షాపుకు పోయి ఆ తారీఖు చూసి, దారిలో నా దగ్గర ఆగి చెప్పిపోయేది.

ఒక నెల వచ్చి చెప్పలేదు. ఊరికే బెంచీ మీద కూర్చుంది.

"ఏమైంది సిస్టరు?"

"తారీఖు యెనక్కి పోయిందక్కా."

"తారీఖు యెనక్కెట్ల పోతది?"

"నాకూ తెల్వదు. పోయిన నెల జర దూరంలనే ఉండె. ఈ నెల సూస్తే ఏండ్లకేండ్లు యెనక్కి జరిపిండ్రు."

నా జన్మలో ఎన్నో ఆఫీసులు చూశాను. ఫైలు పోగొట్టే ఆఫీసు చూశాను, ఫైలు మీద టీ ఒలకబోసే ఆఫీసు చూశాను. తారీఖును వెనక్కి నడిపించే ఆఫీసును అదే మొదటిసారి చూడడం. నాకు కోపం వచ్చింది. కోపం నాకు తొందరగానే వస్తుంది, కానీ ఆ రోజు వచ్చింది న్యాయమైన కోపం.

అసలు భయం ఇంకొకటి ఉంది. ఆమె పాసైన పరీక్ష సర్టిఫికెట్టుకు ఐదేళ్లే ప్రాణం. అందులో మూడేళ్లు దాటిపోయాయి. ఆ లోపల పిలుపు రాకపోతే సర్టిఫికెట్టు చెల్లదు, పరీక్షల పని మళ్లీ మొదటికి. ఆసుపత్రి అప్పటిదాకా ఉద్యోగం పట్టుకుని కూర్చోదు కదా. వనపర్తిలో ఒక సిస్టరు, నాగర్‌కర్నూల్‌లో ఒక సిస్టరు కూడా అదే ఆసుపత్రి పిలుపు కోసం అదే వరుసలో నిలబడి ఉన్నారు. ముగ్గురూ కలిసి చదువుకున్నవాళ్లే.

"మన దగ్గర పని ఆగితే ఏడికి పోతం?" అని అడిగాను.

"ఎమ్మెల్యే దగ్గరికి, లేకుంటే ఎంపీ దగ్గరికి."

"మరి ఆ దవాఖాన ఉన్న ఊరికి ఎంపీ లేడా?"

సిస్టరు నవ్వింది. "గాడ మనకు ఓటు లేదక్కా. ఓటు లేనోళ్ల అర్జీ ఎవరు సూస్తరు?"

"నీకు లేదు. ఆ దవాఖానల మంచం మీద పండుకున్నోళ్లకు ఉంది కద."

ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు మా అబ్బా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

సిస్టరు కాగితాలన్నీ తెప్పించి చదివాను. ఆసుపత్రి పెద్ద నర్సు రాసిన ఒక ఉత్తరంలో నాకు కావలసింది దొరికింది. మీరు ముగ్గురూ ఎప్పుడు వస్తారో తెలియక, చేతులు చాలక, ఒక వార్డు తలుపులు మూసేశాం, అక్కడి రోగులు రెండు గంటల దూరం పోతున్నారు అని రాసి ఉంది. సిస్టరు ఆ ఉత్తరాన్ని ఏడాదిగా పెట్టెలో దాచుకుంది. అందులో తన ఉద్యోగం పోలేదన్న మాట ఒక్కటే ఆమెకు కనిపించింది. నాకు ఆ మూసిన వార్డు కనిపించింది.

అర్జీ ఆ ఊరి ఎంపీకే, అంటే అమెరికా సభలో ఆ ఊరి తరఫున కూర్చునే సభ్యుడికే పెట్టాలని తేల్చుకున్నాం. ఇక సాక్ష్యం కావాలి. ఈ ముగ్గురూ మంచి నర్సులని ఆ సభ్యుడు ఎలా నమ్మాలి? మన దగ్గర దానికి పద్ధతి ఉంది, మహజరు. ఊరివాళ్లంతా కలిసి వేలిముద్రలు వేసి ఇచ్చే కాగితం. బడి కావాలన్నా, బోరు కావాలన్నా మా పాలమూరులో అదే దారి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు స్టాంపు ప్యాడు, కాగితాల కట్ట సంచిలో వేసుకుని సిస్టరుతో వడ్డేపల్లి బస్సెక్కాను.

చర్చి ముందు బల్ల వేశారు. అందరికంటే ముందు సిస్టరు తల్లి వచ్చి బొటనవేలు చాపింది. నేను ప్యాడు మూసేశాను.

"అత్తా, నీది వద్దు."

"ఎందుకొద్దు? నా బిడ్డ సంగతి నాకంటే ఎవరికి ఎరుక?"

"సొంతోళ్ల సాక్ష్యం చెల్లదత్తా. కానూను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఏ దేశం కానూను తల్లిని కాదంటుందో చెప్పమంది. అమెరికా కానూను నాకేం తెలుసు, అది మా ఆర్డీవో ఆఫీసు కానూను. ఆమె విసవిసా వెళ్లిపోయింది. అలిగిందనుకున్నాను. అరగంటలో వాడ వాడంతా వెంటేసుకుని వచ్చి, వరుసలో నిలబెట్టి, తోసుకోవద్దని అందరినీ తిడుతూ పక్కన నిలబడింది.

వచ్చినవాళ్లలో సిస్టరు చేతుల మీద పురుడు పోసుకున్న ఆడవాళ్లే ఎక్కువ. సెలవు రోజు వాళ్ల ఇళ్లకు పోయి సూదులు వేసిందని, పాము కరిచిన మనిషిని బండి మీద తనే పట్టుకుని గద్వాల దవాఖానకు తెచ్చిందని ఒక్కొక్కరూ చెబుతుంటే రాసుకున్నాను. ముద్రల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు సీడు పత్తి చేలల్లో పని చేస్తారు. పొద్దున్నే ఒక పువ్వు పుప్పొడి తెంపి ఇంకో పువ్వుకు రాయడం, పూటకు వందల పువ్వులు. ఏళ్ల తరబడి గిల్లి గిల్లి బొటనవేళ్ల గీతలు అరిగిపోయాయి. కాగితం మీద నల్లటి మచ్చ పడుతోంది తప్ప గీత కనిపించడం లేదు. మచ్చ పడితే అర్జీ తిప్పి పంపుతారు. ఒక్కొక్కరి వేలు సబ్బుతో కడిగించి, కిరసనాయిలు గుడ్డతో తుడిపించి, సిరా పలచగా రాసి, నేనే పట్టుకుని ఒత్తించాను. సాయంత్రానికి నాలుగు కాగితాలు నిండాయి. ప్రతి ముద్ర కింద ఆమె ఎవరో, సిస్టరు ఆమెకు ఏం చేసిందో ఒక్క ముక్కలో రాశాను. అంత శుభ్రమైన మహజరు నేను అంతకు ముందూ తర్వాతా తయారు చేయలేదు.

అర్జీ ఇంగ్లీషులో టైపు చేశాను. నా ఇంగ్లీషు కోర్టు ఇంగ్లీషు. అయినా కన్నీళ్లు రాయలేదు. మీ ఊరి ఆసుపత్రిలో వార్డు మూతపడి ఉంది, ఆ వార్డు నర్సులు ముగ్గురు ఇక్కడ గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో సిద్ధంగా ఉన్నారు, మధ్యలో వరుస ఉంది, ఆ వరుసను తగ్గించే అధికారం మీ సభకే ఉంది అని రాశాను. సర్టిఫికెట్టు గడువు తారీఖు రాశాను. వనపర్తి, నాగర్‌కర్నూల్ సిస్టర్లు బస్సుల మీద వచ్చి సంతకాలు పెట్టారు. సిస్టరు మొత్తం కట్ట ఒక జిరాక్స్ తీయించుకుంది. నేను నిలువుగా మడిచి, రిజిస్టర్ పోస్టులో వేసి వచ్చాను.

వారం తర్వాత సిస్టరు ఆ జిరాక్స్ పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడింది. కాగితం మూలన వేలు పెట్టి చూపించింది.

"అక్కా, ఈ మూలకు ఏందిది?"

చూశాను. కుడి మూలన, మూడు సింహాలతో, మా కోర్టు ఫీజు స్టాంపు. ఎప్పుడు అంటించానో ఒట్టు, నాకు గుర్తు లేదు.

"అమెరికాల గిది పైసలిచ్చినట్టు లెక్క అయితదేమోనక్కా," అంది సిస్టరు. "లంచం పెట్టి పంపిండ్రని నా ఫైలు మీద రాస్తే? ఉన్నది కూడ పోతది."

ఇరవై ఏళ్లలో ఎవరి అర్జీ చెడగొట్టనిదాన్ని, ఈమెది చెడగొట్టానా అనుకున్నాను. పక్క బల్లల వాళ్లకు పండగైంది. "మేడం, అమెరికా తహసీల్దారు స్టాంపు సరిపోలేదన్నడా?" అని రోజుకొకరు అడిగేవారు. నేను నోరు మూసుకోవడం ఆ ఆఫీసు గేటు దగ్గర అదే మొదలు, అదే చివర. సిస్టరు మాత్రం ఒక్క కటువు మాట అనలేదు. నెల నెలా వచ్చి, తారీఖు అక్కడే ఉందని చెప్పి పోయేది. తిట్టినా బాగుండేది.

రెండు నెలలు దాటాక పోస్టుమాన్ ఒక కవరు తెచ్చాడు. చిరునామా నా రేకుల కిందిదే ఇచ్చాను కాబట్టి నా చేతికే వచ్చింది. మందపాటి తెల్ల కవరు, మూలన ఆ దేశం ముద్ర. పక్క బల్లల వాళ్లు లేచి వచ్చారు. విప్పమన్నారు. విప్పలేదు. మిషనుకు గుడ్డ కప్పి, కవరు ఛాతీకి పట్టుకుని నర్సింగ్ హోం దాకా నడిచాను. సిస్టరు ఇంజెక్షన్ వేస్తోంది. వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె విప్పమంటే నేనే చించాను.

సభ్యుడి ఆఫీసు నుంచి ఉత్తరం. సభ్యుడు మా అర్జీ చదివాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి వార్డు సంగతి అడిగాడు, నిజమేనని వాళ్లు చెప్పారు. నర్సుల కోసం విడిగా కొన్ని వీసాలు వదలాలన్న ప్రతిపాదన సభలో ఉంది, దానికి ఆయన ఓటు వేస్తాడు. ఏమవుతుందో హామీ ఇవ్వలేం అని కూడా రాశారు. చివరన ఇంకో పేరా ఉంది. మీ అర్జీకి రుసుము లాంటిది అంటించినట్టు కనిపిస్తోంది, ఇక్కడ ప్రజలు తమ ప్రతినిధికి రాసుకోవడానికి రుసుము లేదు, విలువైనదేదీ మేము ఉంచుకోకూడదు కాబట్టి తిప్పి పంపుతున్నాం అని. చిన్న కవరులో, చుట్టూ కాగితంతో నీటుగా కత్తిరించిన నా స్టాంపు ఉంది.

సిస్టరు ఆ పేరా రెండుసార్లు చదివించుకుంది. "లంచం అనలేదు కదక్కా?"

"అనలేదు. ఫోన్ చేసిండంట సూడు," అన్నాను. "దవాఖానకు ఫోన్ చేసి అడిగిండంట."

ఎక్కడో భూమికి అవతలి పక్కన ఒక పెద్దమనిషి, గద్వాలలో రేకుల కింద కొట్టిన కాగితం చదివి, ఫోన్ ఎత్తి, అది నిజమా అని అడిగాడు. అది నిజమే. నాకు గర్వంతో కళ్లు తిరిగాయి. అబ్బా ఉండి ఉంటే ఆ ఉత్తరాన్ని రెండు భాషల్లో చదివి వినిపించేదాన్ని. ఆ సాయంత్రం పక్క బల్లల వాళ్లకు గట్టిగా, నిదానంగా, ఒక్కొక్క ముక్కా విప్పి చదివాను. స్టాంపును బల్ల మీది అద్దం కింద అందరికీ కనబడేలా పెట్టాను.

ఆ సభ నర్సుల కోసం వీసాలు వదిలింది. మా అర్జీ వల్లే వదిలిందని నేను అనలేదు. అలాంటి అర్జీలు ఎన్నెన్ని ఊళ్ల నుంచి పోయాయో, ఎన్ని ఆసుపత్రులు అడిగాయో నాకు తెలుసు. ఒక్కసారి అన్నాను, అదీ పక్క బల్ల ఆయన మరీ మిడిసిపడుతుంటే. కానీ అడిగిన వాళ్లలో మేమూ ఉన్నాం. ఆ మాట మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

సర్టిఫికెట్టుకు ఇంకా ఐదు నెలలు ఉందనగా సిస్టరుకు మద్రాసులోని అమెరికా వీసా ఆఫీసు నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అడిగినా అడగకపోయినా అన్ని కాగితాలూ పట్టుకుపొమ్మన్నాను. పోయి వచ్చిన రోజు మళ్లీ రైలు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఆఫీసరు కాగితాలు తిప్పుతూ మహజరు జిరాక్స్ దగ్గర ఆగాడట. ఈ వేలిముద్రలు ఎవరివి అని అడిగాడట. నేను పురుడు పోసినోళ్లవి అని చెప్పిందట. మీ అమ్మది ఏది అని అడిగాడట.

"ఏం చెప్పినవ్?"

"మా టైపు మేడం ఒప్పుకోలేదని చెప్పిన. నవ్విండక్కా. నవ్వి, వీసా ఇస్తున్న అన్నడు."

బెంచీ మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. అర్జీలోనే కన్నీళ్లు రాయొద్దన్నాడు అబ్బా, రేకుల కింద ఏడవొద్దనలేదు. సిస్టరు వెళ్లింది. ఆమె తర్వాత వనపర్తి సిస్టరు వెళ్లింది. ఆ వార్డు తలుపులు తెరిచారని సిస్టరు ఫోన్లో చెప్పినప్పుడు, ఆ తలుపుల్లో ఒక రెక్క నాదే అనుకున్నాను.

నాగర్‌కర్నూల్ సిస్టరు మిగిలిపోయింది. అప్పుడే ఆమెకు కాన్పు అయింది, కాగితాలు పంపడంలో ఆలస్యమైంది. ఆమె పంపేలోపల నర్సులకు వదిలిన వీసాలు అయిపోయాయి. పాత వరుస, పాత తారీఖు మళ్లీ వచ్చాయి. ఒక మధ్యాహ్నం బిడ్డను చంకనేసుకుని నాగర్‌కర్నూల్ నుంచి రెండు బస్సులు మారి నా బల్ల ముందుకు వచ్చింది.

"నాకొక్కదానికి అర్జీ రాస్తరా మేడం?" అంది. ఒక్కదాని మాట ఎవరు వింటారన్న అనుమానం ఆమె గొంతులోనే ఉంది.

"కూసో," అన్నాను. మిషనుకు కొత్త రిబ్బను వేశాను. ఆ వార్డులో ఇంకా ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో సిస్టరుకు ఫోన్ చేసి అడిగి అక్కడినుంచి మొదలుపెట్టాను. నాగర్‌కర్నూల్ వాళ్ల మహజరు ఆమే తెచ్చుకుంది, ముద్రలు శుభ్రంగా ఉన్నాయి. గంటలో అయింది. కాగితం బయటికి తీసి, బల్ల మీది అద్దం ఎత్తాను. అమెరికా నుంచి వాపసు వచ్చిన స్టాంపును జాగ్రత్తగా తీసి, వెనక జిగురు రాశాను.

"గాడ ఫీజు లేదని రాసిండ్రంట కద మేడం," అంది ఆమె భయపడుతూ. "మళ్ల వాపసు పంపుతరేమో."

ఈసారి నా చేయి దానంతట అది పోలేదు. చూసి, మూలకు సరిగ్గా పెట్టి, బొటనవేలితో గట్టిగా ఒత్తాను.

"పంపనీ," అన్నాను. "మళ్ల అంటిస్త."